డాక్టరు సీటుకు మాటల పరీక్ష పోయింది... కాగితాల పరీక్ష మిగిలింది

స్టేషన్ ఘన్‌పూర్: ఏటా నీట్ ఫలితాలు వెలువడగానే ఘన్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినవస్తుంది. మంచి ర్యాంకు వచ్చిన పిల్ల ఇంటికి చుట్టాలు, ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుంటారు. వారిలో ఎవరో ఒక పెద్దమనిషి అడుగుతాడు: "ర్యాంకు సరే బిడ్డా, మరి ఇంటర్వ్యూ ఎప్పుడు? అక్కడ ఏమేం అడుగుతరు?"

ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. తెలంగాణలో ఎం.బి.బి.ఎస్. సీటుకు ఇంటర్వ్యూ లేదు. కోటు వేసుకున్న పెద్దల ఎదుట చేతులు కట్టుకొని నిలబడవలసిన పని లేదు. ఇంగ్లీషు రాదన్న బెంగ అక్కరలేదు. ర్యాంకు, రిజర్వేషను, స్థానికత, విద్యార్థి కోరుకున్న కళాశాలల వరుస - ఈ నాలుగింటిని బట్టి సీటు తేలిపోతుంది.

అయితే అంతటితో నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. మనిషిని అడిగే ప్రశ్నలు పోయాయి గాని కాగితాలను అడిగే ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. నీ పేరేమిటి, ఏ తరగతి ఏ ఊళ్లో చదివావు, మీ ఇంటి ఆదాయమెంత, మీది ఏ కులం - ఇవన్నీ ఇప్పటికీ అడుగుతారు. జవాబు మాత్రం నోటితో చెబితే చాలదు, పత్రంతో చెప్పాలి. పత్రంలో తప్పుంటే సరిచేసుకోవడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. రెండేళ్లు రాత్రింబవళ్లు చదివి తెచ్చుకున్న ర్యాంకు, ఆరో తరగతి నాటి ఒక కాగితం దొరకక చిక్కులో పడే ప్రమాదం ఉన్నది. పల్లె విద్యార్థులు సిద్ధపడవలసిన ఇంటర్వ్యూ ఇదే.

మూడు నిమిషాల్లో తేలిన భవిష్యత్తు

వైద్య విద్యకు ఇంటర్వ్యూలు ఉండేవన్న పెద్దల మాట అబద్ధం కాదు. దేశంలో పలు రాష్ట్రాల్లో ఒకప్పుడు ఆ పద్ధతి ఉండేది. అప్పటి మైసూరు రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశాలకు మార్కులతోపాటు ఇంటర్వ్యూ కూడా పెట్టగా, కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంటర్వ్యూ పెట్టడం తప్పు కాదని 1964లో ఆ న్యాయస్థానం చెప్పింది.

కాని ఆచరణలో లోపాలు బయటపడసాగాయి. తమిళనాడులో ఎం.బి.బి.ఎస్. ఎంపికకు ఇంటర్వ్యూకు 75 మార్కులు కేటాయించారు. ఏ అంశానికి ఎన్ని మార్కులో విడివిడిగా వేయకుండా మొత్తం ఒక్క అంకెగా వేసిన వైనం 1970లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఇటువంటి పద్ధతిలో ఇష్టాయిష్టాలకు తావు ఏర్పడుతుందని కోర్టు తప్పుపట్టింది.

అన్నింటికంటె ముఖ్యమైన తీర్పు 1980లో వచ్చింది. అది వైద్య కళాశాలది కాదు, శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలది. అక్కడ రాతపరీక్షకు 100 మార్కులైతే ఇంటర్వ్యూకు 50. ఒక్కో విద్యార్థితో మాట్లాడింది రెండు, మూడు నిమిషాలు మాత్రమే. ఆ కొద్దిసేపట్లో అడిగినవి కూడా చదువు ప్రశ్నలు కావు, తండ్రి ఎవరు, ఏ ఊరు అన్నవే ఎక్కువని విద్యార్థులు కోర్టుకు విన్నవించుకున్నారు. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూ వాటా 15 శాతానికి మించకూడదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఇంటర్వ్యూను టేపులో రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది.

తండ్రి ఎవరన్న ప్రశ్నకు ఎవరి పిల్లలు ధీమాగా జవాబు చెప్పగలరో, ఎవరి పిల్లలు తలవంచుకుంటారో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటర్వ్యూ పోవడం వల్ల ఎక్కువగా మేలు పొందింది కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలే.

పరీక్షలు మారిన తీరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాతపరీక్ష దారిని ముందుగానే పట్టింది. వైద్య కళాశాలల్లో చేరేవారికి ప్రత్యేకంగా ప్రవేశపరీక్ష పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నదని 1971లోనే సుప్రీంకోర్టు ఈ రాష్ట్రపు వ్యాజ్యంలోనే తేల్చింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. ఇంజనీరింగు, వైద్యం రెండింటికీ అదే గుమ్మంగా మూడు దశాబ్దాలు నడిచింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత 2016లో ప్రశ్నపత్రం బయటికి పొక్కడంతో తెలంగాణ విద్యార్థులు మెడిసిన్ పరీక్షను మళ్లీ రాయవలసి వచ్చింది. 2017 నుంచి ఎం.బి.బి.ఎస్.కు నీట్ ర్యాంకే ప్రాతిపదిక అయింది.

2025లో జరిగిన నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాల వ్యవధి ఇచ్చారు. మొత్తం 720 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. తెలుగులోనూ ఈ పరీక్ష రాయవచ్చు. తెలుగు కోరుకున్నవారికి ప్రశ్నలు తెలుగులో, ఇంగ్లీషులో కూడా ఇస్తారు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. భాషను దరఖాస్తు సమయంలోనే ఎంచుకోవాలి గనుక ఉపాధ్యాయులతో సంప్రదించి నిర్ణయించుకోవడం మంచిది.

దగ్గరకు వచ్చిన కళాశాలలు

ఒకప్పుడు ఘన్‌పూర్ నుంచి వైద్యవిద్యకు వెళ్లడమంటే హైదరాబాదు రైలెక్కడమే. ఉస్మానియా, గాంధీ కళాశాలలే దిక్కు. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల నెలకొన్న తరువాత ఈ ప్రాంతానికి సొంత కళాశాల దక్కింది. అటు తరువాత ఆరు దశాబ్దాలు, అంటే 2021 దాకా, పాత వరంగల్ జిల్లా మొత్తానికి ప్రభుత్వ వైద్య కళాశాల అదొక్కటే.

ఆ పరిస్థితి మూడేళ్లలో మారిపోయింది. 2022లో మహబూబాబాద్‌లో 150 సీట్లతో కళాశాల ప్రారంభమయింది. 2023లో జనగామ, భూపాలపల్లిలో 100 చొప్పున వచ్చాయి. 2024లో ములుగు, నర్సంపేటలకు 50 చొప్పున అనుమతి లభించింది. కాకతీయలోని 250 కలుపుకొంటే పాత జిల్లా హద్దుల్లో ప్రభుత్వ సీట్లే 700 అయినాయి. ఇందులో 15 శాతం అఖిల భారత కోటా కింద పోతుంది. మిగిలినవి రాష్ట్ర కోటాలో భర్తీ అవుతాయి.

ప్రవేశాలు జరిపే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కూడా వరంగల్‌లోనే ఉన్నది. రాష్ట్రం విడిపోకముందు ఈ వ్యవహారమంతా విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది. 2014లో, కాళోజీ శతజయంతి సంవత్సరంలో, కొత్త విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఘన్‌పూర్‌లో బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఫీజు సంగతీ తెలుసుకోవలసిందే. ప్రభుత్వ కళాశాలలో ట్యూషన్ ఫీజు గత కొన్నేళ్లుగా ఏడాదికి 10,000 రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటా సీటుకు 60,000 రూపాయలు. అదే ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా అయితే లక్షల్లోకి వెళుతుంది. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. కనుక ప్రభుత్వ సీటు దక్కడానికి, చేజారడానికి మధ్య తేడా ఒక కుటుంబానికి ఎకరాల లెక్కలో ఉంటుంది. కాగితం దగ్గర జరిగే చిన్న పొరపాటు ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మొదటి ప్రశ్న: నీ పేరేమిటి?

కాగితాల పరీక్షలో మొదటి ప్రశ్న పేరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. ఒకచోట తండ్రి పేరు చివర 'అయ్య' ఉంటుంది, ఇంకొకచోట 'రాములు' అని ముగుస్తుంది. పుట్టిన తేదీ బడిలో చేర్చిననాడు అయ్యవారు అందాజుగా రాసింది ఒకటి, ఆసుపత్రి పత్రంలోది మరొకటి.

వీటన్నింటికీ ఆధారం పదో తరగతి మెమో. నీట్ దరఖాస్తు, ఆధార్, కులపత్రం, ఆదాయపత్రం - అన్నింట్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆ మెమోలో ఉన్నట్టే ఉండేలా చూసుకోవాలి. ఆధార్‌ను మెమో ప్రకారం మార్చుకోవడం కొంత సులువు. మెమోనే మార్చవలసి వస్తే పాఠశాల ద్వారా పరీక్షల విభాగం దాకా వెళ్లాలి, నెలలు పట్టవచ్చు. అందువల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే, పదో తరగతి పరీక్షకు పేరు పంపే ముందే, తల్లిదండ్రులు బడికి వెళ్లి రిజిస్టరులో పేరు, తేదీ ఒకసారి కళ్లారా చూసుకోవాలి. చదువురాని తల్లిదండ్రులైతే ఊళ్లో చదువుకున్న పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్లవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

రెండో ప్రశ్న: ఎక్కడ చదివావు?

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు, ఆ తరువాత ఇంటర్ రెండేళ్లకు చదువు ధ్రువపత్రాలు అడుగుతారు. వాడుకలో బోనఫైడ్ అనేది దీనినే. ఒకే బడిలో చదివినవారికి ఒక్క సంతకంతో పని తీరుతుంది. ఆరు, ఏడు ఊరి బడిలో, ఎనిమిది ప్రైవేటు బడిలో, తొమ్మిది, పది గురుకులంలో చదివినవారు మూడుచోట్ల తిరగాలి. నడుమ చదివిన ప్రైవేటు బడి మూతపడితే చిక్కు ఇంకా పెరుగుతుంది. అటువంటప్పుడు పాత రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో విచారించాలి.

ఫలితాలు వచ్చాక ఈ తిరుగుడు మొదలుపెడితే గడువు చాలదు. వేసవి సెలవుల్లో ప్రధానోపాధ్యాయులు దొరకరు. కనుక పిల్లలు బడి మారినప్పుడల్లా టి.సి.తోపాటు బోనఫైడ్ కూడా అప్పటికప్పుడే తీసుకొని భద్రపరచుకోవడం ఉత్తమం.

విజయవాడ చదువు, తెలంగాణ సీటు

ఇక్కడే గ్రామీణ కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. అది స్థానికత.

విద్యాసంస్థల్లో స్థానికులకు ప్రాధాన్యమన్నది కొత్త విషయం కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లోనే రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం 2017లో వైద్య ప్రవేశాలకు నిబంధనలు చేసి, 2024 జూలైలో 33వ నెంబరు జి.ఓ. ద్వారా వాటిని సవరించింది. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఈ రాష్ట్రంలోనే గడిపి ఇంటర్ పరీక్ష ఇక్కడే ఉత్తీర్ణులు కావాలన్నది దాని సారాంశం.

ఇక్కడ పుట్టి, ఇక్కడే పదో తరగతి దాకా చదివి, ఇంటర్ కోచింగు కోసం మాత్రం విజయవాడకో, గుంటూరుకో, రాజస్థాన్‌లోని కోటాకో వెళ్లినవారు దీనితో ఇరకాటంలో పడ్డారు. హైకోర్టులో వారికి ఊరట దొరికింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024లో కోర్టుకెక్కిన విద్యార్థులకు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చారు. చివరకు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలను సమర్థిస్తూ తీర్పు చెప్పింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం వెలుపల ఉన్న ప్రభుత్వోద్యోగులు, సైనికులు మొదలైనవారి పిల్లలకు వెసులుబాటు కల్పించారు. మన పల్లెల్లోని రైతు, కూలీ కుటుంబాలు ఆ వెసులుబాటులోకి రావు.

దీని అర్థం స్పష్టం. పొలం అమ్మి, అప్పు తెచ్చి పిల్లవాణ్ణి పొరుగు రాష్ట్రంలో ఇంటర్ చదివిస్తే, మంచి చదువు దొరికిందన్న సంతోషం మిగలవచ్చు గాని, సొంత రాష్ట్రంలో స్థానికుడన్న హోదా పోగొట్టుకోవలసి రావచ్చు. తాతల నాటి నుంచి ఘన్‌పూర్‌లోనే ఉంటున్నామని చెప్పినా కాగితం ఒప్పుకోదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో, కళాశాలల ప్రచారకులు ఇంటింటికీ తిరిగే రోజుల్లో, తల్లిదండ్రులు మొదట గుర్తు తెచ్చుకోవలసిన నిబంధన ఇది. కోచింగు సంగతి వేరు. ఇంటర్ ఇక్కడ పూర్తిచేసి, ఆ తరువాత ఏడాది శిక్షణకు ఎక్కడికి వెళ్లినా ఈ ఇబ్బంది రాదు.

కులం, ఆదాయం

కులపత్రం, ఆదాయపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి మీసేవ ద్వారా వస్తాయి. ఆదాయపత్రానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి పాతది చెల్లకపోవచ్చు. ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలవారు ఆ ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండటం అందులో ప్రధాన షరతు.

ఎస్సీ విద్యార్థులు ఒక మార్పును గమనించాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి రాష్ట్రంలో ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులుగా విభజించబడింది. మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9 శాతం, మూడో గ్రూపుకు 5 శాతం. పాత కులపత్రంలో ఈ గ్రూపు కనిపించదు. గ్రూపు నమోదైన పత్రం ముందే తీసుకొని ఉంచుకోవడం మేలు. తండాల్లోని గిరిజన విద్యార్థులకు 2022 నుంచి రిజర్వేషన్ 10 శాతానికి పెరిగింది. ఆడపిల్లలకు ఆయా వర్గాల లోపలే 33 శాతం వాటా ఉన్నది.

ఆ రెండు మూడు రోజులు

పత్రాలన్నీ సిద్ధమైతే సగం పని అయినట్లే. మిగతా సగం కంప్యూటరు ముందు జరుగుతుంది. విశ్వవిద్యాలయం ప్రకటన వెలువడగానే గడువులోగా పేరు నమోదు చేసుకొని పత్రాల నకళ్లు ఎక్కించాలి. పరిశీలన అనంతరం తాత్కాలిక అర్హుల జాబితా వస్తుంది. చాలామంది తమ పేరు ఉన్నదో లేదో చూసి వదిలేస్తారు. పేరుతోపాటు కులం, స్థానికత, ప్రత్యేక కేటగిరీ సరిగా పడ్డాయా అన్నది కూడా చూడాలి. తప్పుంటే అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఆ కొద్ది రోజులే.

తరువాత కళాశాలల వరుస పెట్టుకోవాలి. దీన్నే వెబ్ ఆప్షన్లు అంటారు. రెండు మూడు రోజుల వ్యవధే ఉంటుంది. ఇక్కడ పల్లె విద్యార్థులు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, తమకు తెలిసిన నాలుగు కళాశాలలు పెట్టి ఊరుకోవడం. ఆ నాలుగింటిలో రాకపోతే, ఐదోదానిలో వచ్చే సీటు ఇంకొకరికి పోతుంది. రెండు, వస్తుందో రాదో అన్న జంకుతో తాము కోరుకున్న కళాశాలను కిందికి నెట్టి, తేలికగా వచ్చేదాన్ని పైన పెట్టడం. కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తుంది, మొదట ఏది కుదిరితే అది ఇచ్చేస్తుంది. కాబట్టి నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టాలి. చేరడం ఇష్టం లేని కళాశాలను మాత్రం పెట్టకూడదు. సీటు వచ్చి చేరకపోతే తరువాతి విడతల్లో ఏమవుతుందన్నది ఆ ఏటి ప్రకటనలో చదువుకోవాలి.

నెట్ సెంటరులో వేరొకరి చేత నమోదు చేయించేటప్పుడు ఫోన్ నెంబరు ఇంట్లోవారిదే ఇవ్వాలి. సంకేత సంఖ్యలు ఆ నెంబరుకే వస్తాయి. ఫోన్ పొలం దగ్గర తండ్రి జేబులో ఉండి, విద్యార్థి ఘన్‌పూర్‌లో సెంటరు ముందు ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోకూడదు. సీటు ఇప్పిస్తామని ఫోన్లు చేసేవారిని, ముందుగా సొమ్ము అడిగేవారిని నమ్మరాదు. కన్వీనరు కోటా సీటు ర్యాంకును బట్టి వచ్చేదే గాని మధ్యవర్తి ఇప్పించేది కాదు.

నిజంగా ఇంటర్వ్యూ ఉన్నచోటు

పూర్తిగా ఇంటర్వ్యూ లేదనడానికి కూడా వీలు లేదు. పుణెలోని సైనిక దళాల వైద్య కళాశాలలో ఇప్పటికీ ఉన్నది. నీట్ రాసి, అఖిల భారత కౌన్సెలింగు వెబ్‌సైటులో ఆ కళాశాలకు నమోదు చేసుకున్నవారిలోంచి ర్యాంకును బట్టి కొందరిని పుణెకు పిలుస్తారు. అక్కడ ఇంగ్లీషు, తర్కం మీద చిన్న పరీక్ష, మానసిక పరీక్ష, 50 మార్కుల ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. గత కొన్నేళ్లుగా అబ్బాయిలకు 115, అమ్మాయిలకు 30 సీట్లు కేటాయిస్తున్నారు. చదువు ముగిశాక సైనిక వైద్యాధికారిగా పనిచేస్తామని ఒప్పందం రాసి ఇవ్వాలి. చదువు భారం కుటుంబం మీద పడదు కాబట్టి పేద విద్యార్థులు దీన్ని గమనించదగ్గది.

ఇటువంటి ఇంటర్వ్యూకు కంఠస్థం పనికిరాదు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు, సైన్యంలో ఎందుకు చేరాలనుకుంటున్నావు అని తన్ను తాను ప్రశ్నించుకొని, సొంత మాటల్లో రెండు నిమిషాలు చెప్పడం అలవాటు చేసుకోవాలి. రోజూ పత్రిక చదవాలి. తెలియని ప్రశ్నకు తెలియదని నిదానంగా చెప్పగలగాలి. ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఏం జరుగుతుందో, ఆశా కార్యకర్త ఏం పని చేస్తుందో పల్లె విద్యార్థికి పుస్తకం అక్కరలేకుండానే తెలుసు. దాన్ని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

విదేశాల్లో ఇంటర్వ్యూ పద్ధతి ఇంకా బలంగానే ఉన్నది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఒకే పెద్ద ఇంటర్వ్యూ బదులు వరుసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు పెట్టే పద్ధతిని రూపొందించి, ఆ వివరాలను 2004లో ప్రచురించింది. ఒక్కో గదిలో కొద్ది నిమిషాలు, ఒక్కో గదిలో వేరే పరీక్షకుడు. ఒకరి ఇష్టాయిష్టాలు మొత్తం ఫలితాన్ని తారుమారు చేయకూడదన్నది ఉద్దేశం. ఆ గదులను అక్కడ స్టేషన్లు అంటారు. అమెరికా, బ్రిటన్‌లలోనూ ఈ పద్ధతి వ్యాపించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంటర్వ్యూ తయారీ ఇప్పటికీ పెద్ద పనే. ఇక్కడి పిల్లలకు మాత్రం అదే కష్టం కాగితాల రూపంలో ఎదురవుతున్నది.

ఊరు చేయగలిగిన సాయం

కాగితాల పరీక్షకు కోచింగు సెంటరు లేదు. దాని పాఠాలు చెప్పవలసింది బడి, పంచాయతీ, ఊళ్లో చదువుకున్నవారు. ప్రతి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులను ఒక్కరోజు పిలిచి రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ చూపిస్తే సగం చిక్కులు మొదట్లోనే తీరిపోతాయి. ఫలితాలు వచ్చిన వారాల్లో ఆదాయ, కులపత్రాల దరఖాస్తులను తహసీల్దారు కార్యాలయాలు ఆలస్యం లేకుండా పరిష్కరిస్తే ఎందరో తల్లిదండ్రులకు కూలి నష్టం తప్పుతుంది. వైద్య కళాశాలల్లో ఇప్పటికే చదువుతున్న ఊరి పిల్లలు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు తమ తరువాతివారి పక్కన కూర్చొని కళాశాలల వరుస పెట్టించవచ్చు. అన్నా, అక్కా అని అడిగితే కాదనేవారెవరూ ఉండరు.

ఇంట్లో చేయవలసింది ఒకటే. ఒక మంచి సంచీ కొని, పిల్ల ఆరో తరగతిలో చేరిననాటి నుంచి ప్రతి కాగితం అందులో వేయాలి. నకళ్లు వేరుగా, అసలువి వేరుగా ఉంచాలి. వానకు తడవకుండా, ఎలుకలు కొరకకుండా పట్టా పాసుపుస్తకం ఎక్కడ దాస్తారో అక్కడే దాచాలి. నీట్ ర్యాంకు పిల్ల కష్టం మీద ఆధారపడుతుంది. ఆ ర్యాంకు సీటుగా మారడం మాత్రం చాలావరకు ఆ సంచీ మీద ఆధారపడి ఉన్నది.